ఎగువ రైతు, దిగువ బస్తీ: 111 జీవో గ్రామాల భూముల్లో ముప్పు ఎవరి వాటా?

హైదరాబాద్‌కు పడమట, నైరుతి దిక్కుల్లో మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్ తదితర మండలాల్లోని 84 గ్రామాలను 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో ఒకే కట్టుబాటు కిందికి తెచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల దాకా కాలుష్యం వెదజల్లే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదంది. ఊళ్లలో లేఅవుట్ వేస్తే 60 శాతం స్థలాన్ని ఖాళీ జాగాలకు, రోడ్లకు వదలాలంది. ఆ పరిధిలోకి వచ్చిన భూమి 1,32,600 ఎకరాలు. అప్పటి నుంచి చర్చంతా జీవో ఉండాలా, పోవాలా అన్న చోటే ఆగిపోయింది. ఉన్నా, పోయినా దానివల్ల వచ్చే ముప్పు ఎవరి మీద పడుతోంది, వాళ్లకు నిర్ణయంలో చోటుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

మొదటి భారం ఎగువ రైతుది. నగరం తాగే నీటి కోసం తన భూమి విలువను అతను వదులుకున్నాడు. అందుకు ప్రతిగా ఏటా ఇంత చెల్లిస్తామన్న ఏర్పాటు ఆ ఉత్తర్వులో లేదు. పిల్ల పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో ఎకరం అమ్మాల్సి వచ్చినవాళ్లు ఆంక్షల నాటి ధరకే అమ్ముకున్నారు. ఏనాటికైనా ఆంక్షలు తొలగుతాయన్న నమ్మకంతో కొన్నవాళ్లు ఆగగలిగారు. ఫామ్‌హౌస్‌లు వెలిశాయి, ఫామ్‌ప్లాట్ల పేరుతో పొలాలు గుంటల లెక్కన అమ్ముడుపోయాయి. ఈ గ్రామాల్లో లాభనష్టాలను తేల్చింది భూమి ఎంత ఉందన్నది కాదు, ఎంతకాలం ఆగగలరన్నదే అని నా అభిప్రాయం. జీవో ఎత్తివేతను రైతులకు జరిగిన న్యాయంగా చెప్పేవాళ్లు ఆంక్షల కాలంలో జరిగిన ఈ అమ్మకాలను లెక్కలోకి తీసుకోవడం లేదు.

న్యాయస్థానం వేసిన బాట ఒకటుంది. శంషాబాద్ దగ్గరి పెద్దషాపూర్‌లో ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇస్తే, ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో 1999లో, 2000లో ఇచ్చిన తీర్పులను జస్టిస్ ఎం. జగన్నాధరావు రాశారు. హాని జరుగుతుందని నిరూపించే బాధ్యత అభ్యంతరం చెప్పేవాళ్లది కాదు, హాని జరగదని నిరూపించాల్సింది నిర్మాణం తలపెట్టినవాళ్లే అన్న సూత్రాన్ని కోర్టు అక్కడ నిలబెట్టింది. ముప్పు నిర్వహణలో ఇంతకన్నా గట్టి పునాది మనకు వేరే లేదు.

2022 ఏప్రిల్ 12న వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలను తొలగించింది. నగర అవసరాల్లో ఈ జలాశయాల వాటా 1.25 శాతం లోపుకు పడిపోయిందన్నది అందులోని ప్రధాన వాదన. మురుగునీటి శుద్ధి కేంద్రాలు, శుద్ధిచేసిన నీటిని మళ్లించే కాలువల వంటి షరతులూ అందులో ఉన్నాయి. 2023 మేలో మంత్రివర్గం 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. అయితే 69 జీవో వాదన తాగునీటి దగ్గరే ఆగింది. 1908 సెప్టెంబరులో మూసీ నది నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టనబెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడమే వాటి తొలి పని. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే వచ్చాయి. ఎగువన పొలం సిమెంటు నేలగా మారితే వాన నీరు ఇంకే చోటు తగ్గుతుంది, వరద తొందరగా జలాశయం చేరుతుంది, గేట్లు ముందే ఎత్తాలి. ఆ భారం మోసేది మూసానగర్, చాదర్‌ఘాట్ ఒడ్డున రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లు. మొయినాబాద్ వెంచర్ గురించి వాళ్లను ఎవరూ అడగరు.

భాగస్వాములెవరని అధికారులను అడిగితే పట్టాదారు పేరు ముందొస్తుంది. కౌలుకు కూరగాయలు వేసేవాళ్లు, పూలతోటల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లు, అసైన్డ్ భూమి సాగుచేసుకునే దళిత కుటుంబాలు ఆ జాబితా చివర ఉంటారు, లేదా ఉండరు. పైగా 2025 ఆరంభంలో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. వాటిలో కలిసిన ఊళ్లకు గ్రామసభ పోయింది. గ్రామసభలో ఓటరైన ప్రతి ఒక్కరూ సభ్యులే, లేచి అడగవచ్చు. దాని స్థానంలో, 2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కో దానిలో 15 మంది. భూమి ముఖం మారబోయే వేళ మాట్లాడే వేదిక ఇలా కుదించుకుపోవడం నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతోంది.

అమరావతి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2015లో సుమారు 34,000 ఎకరాలను రైతులు రాజధాని కోసం భూసమీకరణకిచ్చారు. అభివృద్ధి చేసిన ప్లాట్లు, పదేళ్ల కౌలు ఒప్పందంలో ఉన్నాయి. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. కూలీని కూడా భాగస్వామిగా గుర్తించిన అంశమిది. అయినా 2019లో ప్రభుత్వం మారాక పనులు ఆగిపోయాయి, ప్లాటు ఏళ్లపాటు కాగితం మీదే మిగిలింది. విధానం మారితే వచ్చే నష్టాన్ని ఒప్పందం ముందుగా ఊహించలేదు.

న్యూయార్క్ నగరం 1997లో మరో దారి తొక్కింది. తన తాగునీటి కొండప్రాంతపు ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. అమ్మడానికి ఇష్టపడేవాళ్ల దగ్గరే భూమి కొంది, పాడైన సెప్టిక్ ట్యాంకుల బాగుకు, పొలాల నుంచి వచ్చే కాలుష్యం ఆపడానికి డబ్బిచ్చింది. శతకోట్ల డాలర్ల శుద్ధి కర్మాగారం కట్టడం కంటే ఎగువ ఊళ్లకు చెల్లించడమే చవకని లెక్కగట్టింది.

చేవెళ్ల, మొయినాబాద్‌లకు ఈ రెంటి నుంచీ తీసుకోవాల్సింది పనుల వరుస. మొదట వాగులు, కుంటలు, శిఖం భూముల హద్దులను ఊరి పెద్దల సమక్షంలో గుర్తించి బహిరంగంగా పెట్టాలి. 2024 ఆగస్టులో ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చిలుకూరు, ఖానాపూర్‌లలో కూల్చివేతలకు దిగింది. కట్టకముందే హద్దు తెలిసుంటే వాటిలో చాలావాటి అవసరమే వచ్చేది కాదు. ఆ తరువాతే ఎక్కడ కట్టొచ్చో తేలాలి. వాగు పొడవునా కట్టకుండా ఉంచిన రైతుకు బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కైనా, నీటి బిల్లుపై చిన్న రుసుము నుంచి ఏటా చెల్లింపైనా దక్కాలి. శుద్ధి కేంద్రం నడవనిదే ఇళ్లకు నివాసయోగ్యతా పత్రం ఇవ్వకూడదు. ఇక ఏ లేఅవుట్ అనుమతికైనా జరిగే విచారణ రెండు చోట్ల జరగాలి: ఒకటి ఆ ఊళ్లో, రెండోది మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్‌లో.