కరణం లెక్క నుంచి క్లౌడ్ డేటాబేస్ వరకు: నంద్యాల, ఆళ్లగడ్డ భూమి రికార్డుల చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు.

• నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో భూమి రికార్డులు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతూ వచ్చాయి
• రిజిస్ట్రేషన్ కార్యాలయపు సూచికలకూ రిలేషనల్ డేటాబేస్‌కూ ఉన్న పోలిక
• మేనేజ్డ్ క్లౌడ్ డేటాబేస్‌ను నెలకొల్పి, దానికి కనెక్ట్ కావడంలోని దశలు, ఒక్కొక్క దశ అవసరం
• ఏ బాధ్యత క్లౌడ్ సంస్థకు పోతుంది, ఏది కార్యాలయం దగ్గరే మిగులుతుంది

1.1 పరిచయం

ఆళ్లగడ్డ దగ్గర ఒక రైతు రెండెకరాలు కొనాలనుకుంటే మూడు ప్రశ్నలు వేస్తాడు. ఈ భూమి ఎవరి పేరున ఉంది? ఇంతకు ముందే ఎవరికైనా అమ్మారా, తాకట్టు పెట్టారా? రేపు నేను కొన్నానని చెప్పడానికి ఆధారం ఏమిటి? దాదాపు రెండు వందల ఏళ్లుగా ఈ ప్రశ్నలకు జవాబు ఏదో ఒక పుస్తకంలోనే దొరుకుతోంది. ఆ పుస్తకం ఎక్కడ ఉంటుంది, ఎవరి అధీనంలో ఉంటుంది, ఎవరు దిద్దగలరు అన్నవి మాత్రం కాలంతో పాటు మారాయి. క్లౌడ్ డేటాబేస్ ఈ మార్పుల్లో తాజాది. అందువల్ల దాన్ని కేవలం సాంకేతిక విషయంగా కాక, రికార్డు అధీనం మారుతూ వచ్చిన చరిత్రలో ఒక ఘట్టంగా చూడాలి.

1.2 పుస్తకం కరణం చేతిలో

1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు పనిచేసి, పొలాలను కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. నంద్యాల ప్రాంతం అప్పట్లో కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. 1839లో కంపెనీ నవాబును తొలగించి ఆ ప్రాంతాన్ని తన కిందికి తెచ్చుకుంది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది.

రైతువారీ పద్ధతికి ఆధారం లెక్క. ప్రతి పొలానికి ఒక నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉండాలి. లెక్కలో పేరు ఉండటం, లేకపోవడం ఎంత పెద్ద విషయమో ఈ ప్రాంతం చరిత్రే చెబుతుంది. ఇనాములు, భరణాల విషయంలో కంపెనీ తీసుకున్న నిర్ణయాలపై అసంతృప్తి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. తిరుగుబాటుదారులు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీశారు.

గ్రామంలో ఈ లెక్కలను రాసేది కరణం. అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో రాసేవాడు. పుస్తకాలు ఆయన ఇంట్లోనే ఉండేవి. ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. కరణానికి ఊరి హద్దులన్నీ నోటికి తెలుసు కాబట్టి లెక్క పోయినా చెప్పగలిగేవాడు. కానీ ఆయన ఏం రాశాడో తెలుసుకోవడానికీ రైతుకు ఆయన తప్ప దిక్కు లేదు. రాసేవాడు, కాపాడేవాడు, చూపించేవాడు ఒక్కడే కావడం ఈ ఏర్పాటులోని బలం, బలహీనత రెండూ.

1971లో వచ్చిన భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం హక్కుల రికార్డును చట్టబద్ధం చేసింది. నేడు రైతులు '1-బి' అని పిలిచే రికార్డు ఈ క్రమంలోదే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 1985లో మండల వ్యవస్థ వచ్చింది. గ్రామ లెక్కలు ఒక కుటుంబం అధీనం నుంచి ప్రభుత్వ కార్యాలయం అధీనంలోకి వచ్చాయి.

1.3 సబ్‌రిజిస్ట్రారు సూచికలు

రెవెన్యూ లెక్కలతో పాటు మరో పుస్తకం ఉంది. అది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఉండేది. స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు 1వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో, ఇతర దస్తావేజులు 4వ పుస్తకంలో నమోదవుతాయి. దస్తావేజులు వచ్చిన వరుసలోనే పుస్తకంలో చేరుతాయి కాబట్టి, వేల పేజీల్లో ఒక పొలం సంగతి వెతకడం కష్టం. అందుకే చట్టం సూచికలను కూడా నిర్దేశించింది. 1వ సూచికలో దస్తావేజు రాసినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు ఉంటాయి. 2వ సూచికలో ఆస్తి వివరాలు ఉంటాయి. ఈసీ కోసం దరఖాస్తు వస్తే గుమాస్తా ఈ సూచికలను సంవత్సరాల వారీగా తిరగేసి, ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు ఏరి రాసేవాడు.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒకే సమాచారాన్ని పేరు మీదుగా ఒక దారిలో, ఆస్తి మీదుగా మరో దారిలో వెతకడానికి వీలు కల్పించడమే సూచిక పని. నేటి డేటాబేస్‌లో 'ఇండెక్స్' అన్న మాటకు కూడా సరిగ్గా ఇదే అర్థం.

1.4 కార్డ్ పథకం, 1998

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ చేపట్టిన కంప్యూటరీకరణ పథకం పేరు కార్డ్. 1998 నవంబరు 4న 214 కార్యాలయాల్లో ఇది ప్రారంభమైంది. దస్తావేజును చేత్తో నకలు రాసే చోట స్కానింగు వచ్చింది. భూమి విలువను కంప్యూటరే లెక్కకట్టింది. రోజులు పట్టే ఈసీ నిమిషాల పని అయింది. పాత సూచికల్లోని వివరాలను కూడా ఎక్కించారు. ఈనాటికీ ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి దొరకడానికి కారణం ఇదే. అంతకు ముందు సంగతి కావాలంటే పాత సూచికలనే తిరగేయాలి.

అయితే తొలి రోజుల్లో డేటాబేస్ ఏ కార్యాలయానికి ఆ కార్యాలయంలోనే ఉండేది. అంటే పుస్తకం కంప్యూటరుగా మారిందే తప్ప, ఉండే చోటు మారలేదు. కరెంటు పోవడం, డిస్కు చెడిపోవడం, బ్యాకప్ తీయడం, సాఫ్ట్‌వేర్ సరిచేయడం అన్నీ ఆ కార్యాలయం చూసుకోవలసినవే. తరవాత నెట్‌వర్కులు విస్తరించి, సమాచారం కేంద్ర సర్వర్లకు చేరింది. 2015లో మీభూమి వచ్చాక రైతు తన అడంగల్‌నూ 1-బినీ సర్వే నంబరుతోనో ఖాతా నంబరుతోనో ఫోనులోనే చూసుకోగలిగాడు. కరణం ఇంటి అల్మారాలో ఉన్న పుస్తకం రైతు కంటికి కనబడింది.

1.5 రిలేషనల్ నమూనా అంటే ఏమిటి

ఈ మార్పుకు వెనుక ఉన్న సిద్ధాంతాన్ని 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. (ఈయన పేరుకూ పైన చెప్పిన కార్డ్ పథకానికీ సంబంధం లేదు.) సమాచారాన్ని పట్టికలుగా అమర్చాలి, ప్రతి వరుసను గుర్తించే 'కీ' ఒకటి ఉండాలి, ఒక పట్టికలోని కీని మరో పట్టికలో చూపి రెండింటినీ కలపాలి అన్నది దాని సారం. 1974లో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ రూపొందించిన ప్రశ్నల భాషే తరవాత ఎస్‌క్యూఎల్ అయింది.

దీని ప్రయోజనాన్ని నంద్యాల ఉదాహరణతో అర్థం చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది. ప్రతి సర్వే నంబరు వరుసలోనూ 'కర్నూలు జిల్లా' అని రాసి ఉంటే, లక్షల వరుసలను దిద్దాలి. ఎక్కడో ఒకటి తప్పిపోతే ఒకే ఊరి పొలాలు రెండు జిల్లాల్లో కనిపిస్తాయి. రిలేషనల్ పద్ధతిలో జిల్లాల పట్టిక, మండలాల పట్టిక, గ్రామాల పట్టిక, పొలాల పట్టిక వేరువేరుగా ఉంటాయి. పొలం తన గ్రామాన్ని, గ్రామం తన మండలాన్ని, మండలం తన జిల్లాను కీ ద్వారా చూపుతాయి. అప్పుడు ఆళ్లగడ్డ మండలం వరుసలో జిల్లా కీ ఒక్కటి మారిస్తే చాలు. దాని కింది పొలాలన్నీ నంద్యాల జిల్లాకు చెందినట్లే.

మరో ప్రయోజనం ట్రాన్సాక్షన్. అమ్మినవాని పేరు తొలగించడం, కొన్నవాని పేరు చేర్చడం రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. మధ్యలో కరెంటు పోతే భూమి ఎవరిదీ కాకుండా మిగలకూడదు. ఈ హామీని డేటాబేస్ ఇస్తుంది.

1.6 యంత్రం మరొకరికి అప్పగించడం

డేటాబేస్‌కు సిద్ధాంతం ఎంత బాగున్నా, దాన్ని నడిపే యంత్రానికి రోజూ కాపలా కావాలి. 2009 అక్టోబరులో అమెజాన్ సంస్థ ఆర్‌డీఎస్ పేరుతో ఈ కాపలా పనినే సేవగా అమ్మడం ప్రారంభించింది. ఇతర సంస్థలూ అలాంటి సేవలు తెచ్చాయి. యంత్రం, డిస్కు, ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్ దిద్దుబాట్లు, రోజువారీ బ్యాకప్ సంస్థ చూసుకుంటుంది. పట్టికలు, వినియోగదారులు, సమాచారం మనవి. ఈ ఏర్పాటునే 'మేనేజ్డ్' డేటాబేస్ అంటారు. భారత ప్రభుత్వం 2014లో మేఘ్‌రాజ్ పేరుతో తన క్లౌడ్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అమెజాన్ కేంద్రాలు 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభమయ్యాయి.

1.7 నెలకొల్పడం, కనెక్ట్ కావడం

అభ్యాసం కోసం ఆళ్లగడ్డ వంటి ఒక కార్యాలయానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ నెలకొల్పుతున్నామని అనుకోండి. దశలు ఇవి.

(అ) ప్రాంతం ఎంపిక: సమాచారం ఏ నగరంలోని కేంద్రంలో ఉండాలో ముందే నిర్ణయించాలి. దగ్గరి కేంద్రమైతే జవాబు త్వరగా వస్తుంది. పౌరుల రికార్డులు దేశం దాటకూడదన్న నియమం ఉంటే అదీ ఇక్కడే తేలుతుంది.

(ఆ) పరిమాణం: ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఎంత కావాలో చెప్పాలి. చిన్నదానితో మొదలుపెట్టి తరవాత పెంచుకోవచ్చు. వాడినా వాడకపోయినా నడుస్తున్నంత సేపూ బిల్లు పడుతుందని మరవకూడదు.

(ఇ) జంట నకలు: అదే ప్రాంతంలోని మరో భవన సముదాయంలో సిద్ధంగా ఉండే నకలును కోరవచ్చు. ఒకటి ఆగితే రెండోది పని అందుకుంటుంది.

(ఈ) బ్యాకప్ గడువు: ఆర్‌డీఎస్‌లో తనంతట తాను తీసే బ్యాకప్‌లను గరిష్ఠంగా 35 రోజులు ఉంచుకోవచ్చు. ఆ గడువులోని ఏ సమయానికైనా డేటాబేస్‌ను తిరిగి కొత్తగా నిలబెట్టవచ్చు. భూమి రికార్డుకు 35 రోజులు చాలవు. విడిగా శాశ్వత ప్రతులు తీయాలి.

(ఉ) నెట్‌వర్కు ద్వారం: డేటాబేస్‌ను ప్రైవేటు నెట్‌వర్కులో ఉంచి, కార్యాలయపు అప్లికేషన్ సర్వరుకు మాత్రమే 5432 పోర్టు తెరవాలి. తొందరలో ప్రపంచంలోని అన్ని చిరునామాలకూ తెరిచి ఉంచడం ఈ పనిలో అతి ప్రమాదకరమైన పొరపాటు.

(ఊ) వినియోగదారులు: మొదట వచ్చే ప్రధాన ఖాతాను రోజువారీ పనికి వాడరాదు. ఈసీ చూసేవారికి చదివే అధికారం మాత్రమే, నమోదు చేసేవారికి చేర్చే అధికారం, చెరిపే అధికారం ఎవరికీ లేకుండా ఖాతాలు వేరుగా సృష్టించాలి.

(ఋ) కనెక్షన్: సంస్థ ఇచ్చే ఎండ్‌పాయింట్ చిరునామా, పోర్టు, డేటాబేస్ పేరు, వినియోగదారు పేరు, పాస్‌వర్డు అన్నవి ఐదు వివరాలు. వీటితో పాటు టీఎల్‌ఎస్ రహస్య రక్షణను తప్పనిసరి చేయాలి. ఎండ్‌పాయింట్ ఒక పేరు. దాని వెనక యంత్రం మారినా పేరు మారదు. కాబట్టి ప్రోగ్రాములో ఐపీ సంఖ్యను రాయకూడదు.

కనెక్షన్ విఫలమైతే లోపం ఎక్కడుందో కనబడే సందేశమే చెబుతుంది. చాలాసేపు ఆగి గడువు ముగిసిందని వస్తే సాధారణంగా నెట్‌వర్కు ద్వారం మూసి ఉన్నట్లు. పాస్‌వర్డు సరిపోలేదని వెంటనే వస్తే ద్వారం తెరిచే ఉంది, ఖాతా వివరాలు తప్పు. కనెక్షన్లు మితిమీరాయని వస్తే అప్లికేషన్ తెరిచినవాటిని మూయడం లేదు; కొన్నింటినే పంచుకునే ఏర్పాటు పెట్టాలి.

1.8 మారనిది ఏమిటి

సంస్థ యంత్రాన్ని కాపాడుతుంది, నమోదు సత్యాన్ని కాదు. సర్వే నంబరు 112కు బదులు 121 అని కొడితే, జంట నకలులోనూ వెంటనే 121 అనే పడుతుంది. తప్పు కొట్టిన సంగతి 35 రోజుల తరవాత తెలిస్తే బ్యాకప్ కూడా ఆదుకోదు. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏ విలువను మార్చారో రాసి ఉంచే విడి పట్టిక అవసరం. కరణం లెక్కలో కొట్టివేత చూసి అనుమానించే అవకాశమైనా ఉండేది. డేటాబేస్‌లో ఆ పట్టిక లేకపోతే మార్పు జాడే ఉండదు.

రెండో సంగతి చట్టానిది. మన దేశంలో రిజిస్ట్రేషన్ నమోదు చేసేది దస్తావేజును. యాజమాన్యానికి ప్రభుత్వం హామీ ఇవ్వదు. రిజిస్ట్రేషన్ శాఖ డేటాబేస్‌లో అమ్మకం పడి, రెవెన్యూ 1-బిలో పాత పేరే మిగిలితే, ఒకే పొలాన్ని రెండోసారి అమ్మే మోసానికి దారి దొరుకుతుంది. హామీతో కూడిన హక్కు కోసం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చింది. రిజిస్టరులో మార్పుల అధికారం ఎవరికి ఉండాలి, వివాదాన్ని ఎవరు తీర్చాలి అన్న దానిపై తీవ్ర చర్చ జరిగింది. 2024లో దాన్ని రద్దు చేశారు. ఆ చర్చ యంత్రం గురించి కాదు, పుస్తకం దిద్దే చేయి గురించి.

1.9 సారాంశం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో భూమి రికార్డు కరణం ఇంటి నుంచి మండల కార్యాలయానికి, సబ్‌రిజిస్ట్రారు సూచికల నుంచి కార్యాలయ కంప్యూటరుకు, అక్కడి నుంచి కేంద్ర సర్వర్లకు చేరింది. మేనేజ్డ్ క్లౌడ్ ఈ వరుసలో తరవాతి మెట్టు. ప్రతి మెట్టులోనూ కాపాడే పనిలో కొంత మరొకరికి వెళ్లింది. సరిగా రాయడం, దిద్దే అధికారాన్ని హద్దుల్లో ఉంచడం, రైతుకు చూపించడం అన్న మూడు బాధ్యతలు మాత్రం కార్యాలయానివే. డేటాబేస్ నెలకొల్పే విద్యార్థి ఈ మూడింటికి ఏర్పాటు చేసిన తరవాతే పని పూర్తయిందనుకోవాలి.

1.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కరణం వ్యవస్థ నుంచి మీభూమి వరకు భూమి రికార్డుల అధీనంలో వచ్చిన మార్పులను వివరించండి.
2. మేనేజ్డ్ క్లౌడ్ డేటాబేస్ నెలకొల్పడంలోని దశలను, వాటి అవసరాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రిజిస్ట్రేషన్ చట్టంలోని 1, 2 సూచికలను డేటాబేస్ ఇండెక్స్‌తో పోల్చండి.
2. నంద్యాల జిల్లా ఏర్పాటును ఉదాహరణగా తీసుకుని, పట్టికలను విడదీయడం వల్ల కలిగే ప్రయోజనం రాయండి.
3. జంట నకలు ఉన్నా నమోదు తప్పుల నుంచి రక్షణ ఎందుకు ఉండదు?