వైద్య రికార్డులు: కాగితమా, కంప్యూటరా?

పాఠకులారా, మీ పాత పరీక్షల రిపోర్టులు ఎక్కడ ఉన్నాయి? బీరువాలోనా, సెల్‌ఫోన్‌లోనా? ఏది భద్రమన్న ప్రశ్నకు ఇటీవలి చరిత్ర రెండు రకాల జవాబులిచ్చింది.

2005 ఆగస్టులో కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచెత్తింది. వైద్యుల వద్దనున్న కాగితపు రికార్డులెన్నో నీట నాని నాశనమయ్యాయి. తాము వాడే మందు పేరు, మోతాదు చెప్పలేక నిరాశ్రయులైన రోగులు అవస్థపడ్డారు. మాజీ సైనికుల ఆసుపత్రి రికార్డులు మాత్రం కంప్యూటర్లలో ఉండడం, వాటి నకళ్లను హ్యూస్టన్‌కు తరలించడం వల్ల, ఆ రోగులకు ఇతర నగరాలలోనూ చికిత్స కొనసాగింది.

అలాగని కంప్యూటరును గుడ్డిగా నమ్మరాదు. ఫిన్లాండ్‌లోని వాస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ నుండి వేలాదిమంది ఆంతరంగిక వివరాలు చోరీకి గురికాగా, 2020లో వాటిని చూపి రోగులనే డబ్బు కోసం బెదిరించారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు, సిబ్బంది చాలా రోజులు కాగితంతోనే పని నడిపారు.

గమనించండి: సమాచారం నశించడం ఒక ప్రమాదం, పరుల పాలవడం మరొకటి. రెంటికీ ఒకే మందు పనిచేయదు.

కనుక మీకు పడని మందులు, ప్రస్తుతం వాడుతున్న మందులు, జరిగిన శస్త్రచికిత్సల వివరాలను ఒక కాగితంపై రాసి పర్సులో ఉంచుకోండి. స్పృహ లేని స్థితిలో మీ తరఫున మాట్లాడేది అదే. మిగిలిన రిపోర్టుల నకళ్లను రెండు చోట్ల దాచండి. ఆన్‌లైన్‌లో ఉంచితే బలమైన పాస్‌వర్డ్ పెట్టండి. ఓటీపీని ఎవరికీ చెప్పకండి.