నెల్లూరు మిషన్: ఫలితం కనబడని పాతికేళ్లు

హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఆదివారం తెలుగులో ఆరాధన జరుపుకునే క్రైస్తవ సంఘాల్లో, చదువు కోసమో ఉద్యోగం కోసమో ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవారూ ఉంటారు. ఆ జిల్లాల్లో బాప్టిస్టు విశ్వాసానికి, అంటే నీటిలో పూర్తిగా ముంచి ఇచ్చే బాప్తిస్మాన్ని మాత్రమే అంగీకరించే క్రైస్తవ శాఖకు, మూలమైన అమెరికన్ మిషన్ చాలాకాలం మూసివేత అంచున నిలిచిన సంస్థ.

1836లో విశాఖపట్నం చేరిన మిషనరీ శామ్యూల్ డే, 1840లో నెల్లూరును కేంద్రంగా చేసుకున్నాడు. సందుల్లో, సంతల్లో బోధిస్తే జనం నిలబడి వినేవారు, వాదించేవారు, కరపత్రాలు తీసుకునేవారు గాని సంఘంలో చేరినవారు బహు కొద్దిమంది. అందుచేత ఈ మిషన్‌ను కొనసాగించాలా, వదులుకోవాలా అన్న చర్చ 1848, 1853, 1862 సంవత్సరాల్లో మూడుసార్లు వచ్చింది. 1853లో అమెరికాలో జరిగిన మిషన్ సమావేశంలో, పటంపై మిషన్ స్థావరాలను సూచించే నక్షత్రాల్లో నెల్లూరు ఒక్కటే విడిగా కనబడడంతో, గీతరచయిత శామ్యూల్ ఎఫ్. స్మిత్ అదే రాత్రి ఒంటరి తారపై కవిత రాశాడనీ, దాన్ని విన్న సభ మిషన్‌ను నిలబెట్టిందనీ ప్రసిద్ధి. ఆ కవితకు దక్కిన కీర్తిలో నాలుగో వంతైనా నెల్లూరులో మిగిలిన కొద్దిమంది తెలుగు విశ్వాసులకు దక్కలేదు. 1846 ప్రాంతంలో డే అనారోగ్యంతో స్వదేశానికి వెళ్లినప్పుడు మిషన్ ఆరిపోకుండా కాపాడింది వారే. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండపై ప్రార్థించిన ఐదుగురిలో కూడా మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు పోను తక్కిన ముగ్గురు నర్సు, జూలియా, రూతు అనే తెలుగువారు.

మిషనరీ జాన్ క్లౌ 1865లో వచ్చాడు. ఒంగోలుకు పడమరన తాళ్లకొండపాడులో ఉండిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి 1866లో బాప్తిస్మం పొంది తన వారి మధ్య బోధించసాగాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడగా, అదే నెలలో తాళ్లకొండపాడులో 28 మంది చేరారు. అయితే మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని అంతవరకు ఆసక్తి చూపిన అగ్రకులాలవారు తేల్చి చెప్పారు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఆదరణ ఒకటి, చేతికందినట్టే అంది జారిపోయే ఆదరణ మరొకటి, రెండూ ఒకేసారి ఎదురైన ఈ ఘట్టంలో క్లౌ మాదిగలను వదులుకోకపోవడమే ఈ మిషన్ చరిత్రలో అసలైన నిర్ణయం.

దాని మూల్యం చెల్లించింది మాత్రం ఊళ్లలోని కొత్త విశ్వాసులు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహపూజ చేయకూడదు అన్న మూడు నియమాలు వారికి పెట్టారు. విగ్రహపూజ మానినందున జాతరలో డప్పు కొట్టబోమన్న మాదిగ కుటుంబం ఊరి కట్టుబాటును ధిక్కరించినట్టే లెక్క కాబట్టి, ఊరి పెద్దలు నీళ్లు, పని, అంగడి సరుకు అందకుండా కట్టడి చేసేవారు. ఇంత జరిగినా పేరయ్య వంటి బోధకులు పల్లె పల్లె తిరగడం మానలేదు.

1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ల తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూటి కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని, జనం అడుగుతున్నా పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపివేశాడు. సంఖ్య కోసం అంత కాలం తపించిన మిషన్ ఈ నిగ్రహం చూపడం నిజంగా గౌరవించదగినది. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఇద్దరేసి బోధకులు నీటిలో నిలబడగా, గుమాస్తాలు పేర్లు పిలుస్తుండగా, అలసినవారి స్థానంలో మరో ఇద్దరు దిగుతుండగా, 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ నీటిలో దిగిన ఆరుగురు బోధకుల్లో క్లౌ లేడు.