పడక దిగితే బీమా లేదు

1960లలో మద్రాసు శివారున అంబత్తూరు పారిశ్రామికవాడ లేచేనాటికే కార్మికుడికి ఈఎస్ఐ, అంటే కార్మిక రాజ్య బీమా, ఉంది. 1948 నాటి చట్టం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలులోకి వచ్చి, తర్వాత మద్రాసుకూ హైదరాబాదుకూ పాకింది. ఆసుపత్రి మంచం దగ్గరే అది ఆగిపోలేదు. పవర్ ప్రెస్సు కింద చెయ్యి పోయినవాడికి కృత్రిమ అవయవం, ఫ్యాక్టరీ రొదకు చెవులు మొద్దుబారినవాడికి వినికిడి యంత్రం, ఊతకర్రలు, నడుము పట్టీ అన్నీ అందులో భాగమే. ఖర్చుకు కళ్లెం కూడా అక్కడే పడింది: స్పెషలిస్టు రాయాలి, ధరకు గరిష్ఠ పరిమితి, మరొకటి కావాలంటే కొన్నేళ్లు ఆగాలి. కార్మికుణ్ణి విసిగించే పద్ధతే, అయినా వస్తువు చేతికొచ్చేది.

1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు తెచ్చిన మెడిక్లెయిం ఈ తలనొప్పి పెట్టుకోలేదు. 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే క్లెయిం అంది. 2013లో బీమా నియంత్రణ సంస్థ, చెల్లించనక్కరలేని వస్తువుల జాబితాను ప్రామాణికం చేసింది. గ్లూకోమీటరు, వాకరు, ఇంట్లో వాడే ఆక్సిజన్ సిలిండరు అందులో చేరాయి. దీన్ని పొదుపు అనడానికి నాకు నోరు రాదు. బిల్లు రోగి ఇంటికి మళ్లింది, అంతే. 2007లో చెన్నై కంపెనీ స్టార్ హెల్త్ బీమాదారుగా ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ దృష్టి కూడా ప్రధానంగా ఆసుపత్రిలో జరిగే పెద్ద చికిత్సల మీదే.

అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇంకో దారి పట్టింది. 2003 చట్టం ప్రకారం చక్రాల కుర్చీలకూ ఆక్సిజన్ పరికరాలకూ సరఫరాదారుల మధ్య పోటీ టెండర్లు పెట్టి, 2011 జనవరి నుంచి తొమ్మిది ప్రాంతాలలో ఆ ధరలే చెల్లించింది. సరఫరాదారులు గగ్గోలు పెట్టారు, ధరలు మాత్రం దిగాయి. టెండరుంటే చాలుననీ అనలేం. తెలంగాణ ఈఎస్ఐ మందుల కొనుగోళ్లలో అక్రమాల ఆరోపణలపై 2019 సెప్టెంబరులో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ఆ విభాగం అధికారులనే అరెస్టు చేసింది.

మన దగ్గర ఇంట్లో వాడే వైద్య పరికరాల ధర మీద చెయ్యి వేసింది బీమా కాదు, కోవిడ్ కాలంలో ఔషధ ధరల సంస్థ. 2021 జూన్‌లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లకు, జులైలో పల్స్ ఆక్సీమీటరు, గ్లూకోమీటరు, బీపీ యంత్రం, నెబ్యులైజరు, డిజిటల్ థర్మామీటరులకు వ్యాపార లాభాన్ని 70 శాతానికి పరిమితం చేసింది. జేబులోంచి కొనేవాడికి అప్పట్లో అది ఊరట.

అంబత్తూరులో మాత్రం లెక్క వేరే చోట తెగుతుంది. 2017 జనవరిలో ఈఎస్ఐ వేతన పరిమితి 21,000 రూపాయలైంది. జీతం అది దాటితే, నడుస్తున్న చందా కాలం ముగిశాక కార్మికుడు పథకం బయటికి వస్తాడు. 2019 జులై నుంచి అతని వాటా 0.75 శాతమే, ఇక అదీ కట్టనక్కరలేదు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ సాధారణంగా ఆసుపత్రిలో చేరినవారికే. వినికిడి యంత్రం పాడైతే కొత్తది సొంత డబ్బుతోనే.