పలక నుండి తెర వరకు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో వెబ్ రూపకల్పన విద్య - చారిత్రక పరిశీలన

ప్రవేశిక

నల్లమల అంచున ఉన్న మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. మెట్టసాగు ప్రధానమైన ఈ ప్రాంతానికి తెలుగువారి విద్యాచరిత్రలో విశిష్ట స్థానం ఉంది. ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దిన రాతిపలకలకు మార్కాపురం పెట్టింది పేరు. ఆ పలక మీది అక్షరాభ్యాసాన్నీ, నేటి యువత తెర మీద చేస్తున్న వెబ్ రూపకల్పన, మల్టీమీడియా అభ్యాసాన్నీ ఒకే చరిత్రలోని దశలుగా చూడటం ఈ వ్యాస ఉద్దేశం.

1. రాతిపలక

మార్కాపురం రాయి పొరలు పొరలుగా విడివడుతుంది. ఈ శిలాసముదాయాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పేరుతోనే వ్యవహరిస్తారు. పలుచని రాతిపొరను కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక తయారవుతుంది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక దీనికి గిరాకీ తగ్గింది. ఆ రాయి ఇప్పుడు గోడలకూ నేలకూ పరిచే బండలుగా ఎగుమతి అవుతోంది. అయితే పలక నేర్పిన రెండు విషయాలు గమనార్హం. తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాయవచ్చు. పలక పగిలినా నేర్చిన అక్షరం పోదు.

2. డి.టి.పి. దశ

1985లో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. 1994లో ఆ సంస్థ అడోబీలో విలీనమైంది. ఆ దశకం నుండి తెలుగు పట్టణాల్లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ప్రత్యేక సంచికలు డి.టి.పి. కేంద్రాల్లో రూపొందసాగాయి. చిన్న పట్టణాల యువతలో చాలామందికి కంప్యూటరు విద్య అంటే పేజ్‌మేకర్, ఫోటోషాప్, అను ఫాంట్లే.

ఈ విధానంలో ఒక పరిమితి ఉంది. పాత ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపించినా, కంప్యూటరు లోపల నిలిచేవి రోమన్ అక్షరాలకు కేటాయించిన సంకేతాలే. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అచ్చుకు ఆకారం చాలు కాబట్టి ఈ లోపం బయటపడలేదు. వెబ్‌లో మాత్రం అక్షరాన్ని వెతకాలి, పంపాలి, ఏ యంత్రంలోనైనా చదవాలి. అందుకు ఆకారం ఒక్కటే చాలదు.

3. యూనికోడ్, వెబ్

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తెలుగును చూపగలిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. ఆ తరువాతి దశకంలో గిడుగు, గురజాడ, పెద్దన వంటి పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లు అందుబాటులోకి వచ్చాయి.

వెబ్ మొదటి నుండీ రాసే సాధనమే. 1990లో టిమ్ బెర్నర్స్-లీ నిర్మించిన తొలి బ్రౌజరులో పేజీలను చదవడమే కాక రాయడం, దిద్దడం కూడా సాధ్యమయ్యేది. హెచ్‌టిఎంఎల్ అనేది ఇది శీర్షిక, ఇది పేరా, ఇది చిత్రం అని గుర్తులు పెట్టే పద్ధతి. సాదా నోట్‌ప్యాడ్‌లో నాలుగు పంక్తులు రాసి, యుటిఎఫ్-8గా భద్రపరచి, బ్రౌజరులో తెరిస్తే తొలి పేజీ సిద్ధమవుతుంది. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అవసరం లేదు.

4. సాధనాల ఆయుష్షు

పేజ్‌మేకర్ చివరి ప్రధాన కూర్పు 2001 నాటిది. యానిమేషన్ విద్యకు మారుపేరైన ఫ్లాష్ 2005లో మాక్రోమీడియాతో పాటు అడోబీ చేతికి వచ్చింది. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ముగిసింది. ఏ బొత్తాము ఎక్కడుందో మాత్రమే నేర్చినవారు మళ్లీ మొదటినుండి ప్రారంభించవలసి వచ్చింది. వర్ణ సమన్వయం, కాలక్రమం, పుట అమరిక అనే సూత్రాలను గ్రహించినవారు కొత్త సాధనానికి మారగలిగారు. తొలినాటి హెచ్‌టిఎంఎల్ పేజీలు మాత్రం నేటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటాయి.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. 'ట్యాబ్లెట్' అనే మాటకు పలక అన్న అర్థం కూడా ఉంది. పాఠాలు ముందే నింపిన ఈ పలక ప్రధానంగా చూడటానికి ఉద్దేశించింది. రాతిపలక మాత్రం ఖాళీగా వచ్చేది. దాన్ని నింపడమే చదువు.

ముగింపు

ఈ పరిణామాన్ని బట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఒక క్రమాన్ని సూచించవచ్చు. మొదట యూనికోడ్‌లో తెలుగు రాయడం, తరువాత హెచ్‌టిఎంఎల్, పేజీ రూపాన్ని నిర్దేశించే సిఎస్ఎస్, ఆపై చిత్రం, ధ్వని, దృశ్యం, చివరగా వృత్తికి అవసరమైన సాఫ్ట్‌వేరు. ఇది ఉపాధికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. పాత ఫాంట్లలో కూర్చిన స్థలచరిత్రలు, ప్రత్యేక సంచికల ఫైళ్లు ఆ యంత్రాలు పనిచేసినంత కాలమే చదవడానికి వీలవుతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి వెబ్‌లో నిలపడం పశ్చిమ ప్రకాశం విద్యార్థుల తొలి అభ్యాసం కావచ్చు. దానివల్ల వారికి విద్య అబ్బుతుంది, ఆ ప్రాంతానికి తన చరిత్ర దక్కుతుంది.