తాటితాండ్ర



తాండ్ర అనగానే నేడు అందరికీ మామిడితాండ్రయే స్ఫురిస్తుంది. వెంటనే గోదావరి సీమలోని ఆత్రేయపురం పేరు నోటికి వస్తుంది. చీరాల దగ్గరి వాడరేవు ఇసుకనేలలో పుట్టిన నాకు మాత్రం ఆ మాట మొదట తాటిపండునే తలపిస్తుంది.

ఈ విద్య పాతది. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన భావప్రకాశంలో 'ఆమ్రావర్తము'ను వర్ణించాడు. పండిన మామిడి రసాన్ని బట్టపై పరచి, ఎండనిచ్చి, మళ్ళీ మళ్ళీ పోయడమే విధానం. అది దప్పికను, వాంతిని తగ్గిస్తుందనీ, సూర్యకిరణాలతో పక్వమైనందున తేలికైనదనీ చెప్పాడు. హిందీవారి 'అమావట్' ఈ మాటకు తద్భవమే. ఆ నిర్వచనంలో పంచదార ఊసే లేదు.

మా అమ్మమ్మ తాటితాండ్రలోనూ లేదు. శ్రావణ భాద్రపదాలలో రాలిన పండ్లను తెల్లవారకముందే ఏరి తెచ్చి, పీచు నుండి గుజ్జు పిసికి, బట్టలో వడగట్టి, ఈతచాపపై పలుచగా పూసేది. పొర ఆరితే మరో పొర. మామిడికి రోహిణి ఎండ తోడు. తాటిపండు వచ్చేది వానకారులో. మబ్బు పడితే చాప ఎత్తుకొని లోపలికి పరుగెత్తాలి. రెండురోజులు ముసురు పట్టిందా, బూజు పట్టి శ్రమంతా వృథా. అందుకే ఇది అంగడికెక్కలేదని నా ఊహ.

మా తమ్ముడికి రేచీకటి. అమ్మమ్మ వాడికి ఒక ముక్క ఎక్కువ పెట్టేది. అదే వైద్యమని చాలాకాలం నమ్మాను. తాటిగుజ్జు పసుపురంగు కెరోటిన్లదే. వాటి నుండి శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. కానీ ఎండకు వాటిలో కొంత, విటమిన్ సి చాలావరకు నశిస్తాయి. మిగిలేది ప్రధానంగా తీపి, పీచు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశంలో మొదలైన పథకం పసిపిల్లలకు ఆరునెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ పోయించింది. తమ్ముడి చూపు కుదిరినదీ ఆసుపత్రి మందుతోనే. అమ్మమ్మ పెట్టినది మందు కాదు, ఆమె దగ్గరున్నది.

మొన్న భాద్రపదంలో వాడరేవు వెళితే, ఏరేవారు లేక పండ్లు చెట్లక్రిందే కుళ్ళుతున్నాయి. మధుమేహం గల నాకు తాండ్ర వర్జ్యమే. పంచదార కలపకున్నా నీరిగిరిన పండులో తీపి చిక్కబడుతుంది. అయినా రెండు పండ్లు తెచ్చి, ఒక్క పొర ఆరబెట్టాను. గోరంత ముక్క నోట వేసుకుంటే అదే చిరుచేదు. టెంకలు పెరట్లో పాతాను. సంక్రాంతికి తేగలైనా వస్తాయి.

మీ ప్రాంతాలలో తాటితాండ్ర ఇంకా చేసేవారుంటే తెలియజేయగలరు.