అరచేతి తెర వెనుక

నేడు రైలు టిక్కెట్టు కొనుటకును, కరెంటు బిల్లు కట్టుటకును, పిల్లల పరీక్షాఫలితములు చూచుటకును మనము చేయి చాచునది సెల్‌ఫోనునకే. ఆ చిన్న తెరమీద కనబడు పుటలను, యాపులను ఎవరో ఒకరు కూర్చవలెను గదా! అట్లు కూర్చువారి పనిముట్ల చరిత్ర సుమారు ముప్పదియేండ్లది మాత్రమే. ఐనను ఈ కొద్దికాలములోనే ఎన్నో పనిముట్లు పుట్టినవి, వెలిగినవి, మూలబడినవి. వాని నన్నిటిని పేరుపేరున చెప్పుట మా యుద్దేశము కాదు. ఆ చరిత్రలో మొదటినుండి ఒకే ప్రశ్న నడచుచున్నది. ఫోను ఫోనుకు వేరువేరుగా ఇల్లు కట్టవలెనా, లేక అందరికిని చాలిన సత్రమొకటి కట్టవలెనా? ఈ ప్రశ్నకు కాలక్రమమున వచ్చిన జవాబులను శ్రోతలతో ముచ్చటించెదము.

1997లో ఎరిక్‌సన్, మోటరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ అను నాలుగు సంస్థలు కూడి ‘వ్యాప్’ అను పద్ధతి నేర్పరుపబూనినవి. నాటి ఫోను తెరపై కొద్ది పంక్తులకు మించి పట్టవు. సమాచారము సెకనునకు 9,600 బిట్ల చొప్పున ప్రాకుచు వచ్చెడిది. కంప్యూటరునకు వ్రాసిన పుట ఇట్టి ఫోనుకు పనికిరాదని తలచి, వారు ‘డబ్ల్యూఎంఎల్’ అను వేరు భాషనే సృజించిరి. అందు పుటకు మారుగా పేక యుండును. చదువరి ఒక ముక్క చూచి, మీట నొక్కి, తరువాతి ముక్కకు పోవలెను. 1999లో ఈ వసతితో నోకియా 7110 ఫోను వెలువడినది. ఆలోచనలో తప్పు లేదు గాని, ఉన్న వెబ్‌సైటును ప్రక్కకు నెట్టి మరల మొదటినుండి వ్రాయుమనిన వ్రాయువారెందరుందురు?

అదే 1999 ఫిబ్రవరిలో జపానునందు ఎన్‌టిటి డొకోమో సంస్థ ‘ఐ-మోడ్’ సేవను ప్రారంభించినది. వారు కొత్త భాష నేర్వుమనలేదు. వెబ్‌పుటలు వ్రాయు హెచ్‌టిఎంఎల్ భాషలోనే కొంత భాగము నెన్నుకొని, ఇంతమట్టుకు వాడిన చాలుననిరి. చందా సొమ్మును ఫోను బిల్లుతోపాటు తామే వసూలుచేసి, నూటికి తొమ్మిది వంతులు ఉంచుకొని, తక్కినది పుటలు నడుపువారికిచ్చిరి. జపానులో ఈ సేవ ఇంటింట వ్యాపించినది. తెలిసిన పనిముట్టునే తేలికచేసి ఇచ్చినచో చేతులు తామే వచ్చుననుటకు ఇది తొలి నిదర్శనము.

2007 జూన్ 29న ఐఫోను అమ్మకమునకు వచ్చెను. అందలి బ్రౌజరు కంప్యూటరు పుటలనే చూపగలిగినది. తెర వెడల్పు 980 చుక్కలని ఊహించుకొని పుటను పరచి, పిమ్మట దానిని కుదించెడిది. అక్షరములు చీమలబారులవలె కనబడగా, చదువరి రెండు వ్రేళ్లతో వానిని పెద్దవి చేసికొనవలసి వచ్చెడిది. ఈ పుట చిన్న తెరకు తగినట్లే వ్రాయబడినది, కుదింపవలదు అని బ్రౌజరునకు తెలుపుటకై ‘వ్యూపోర్ట్’ అను ఒక్క పంక్తి ఏర్పడినది. నేటికిని మొబైలు పుటల శిరోభాగమున ఆ పంక్తి కనబడుచునే యున్నది.

ఫోను వెలువడుటకు 18 దినముల ముందు, జూన్ 11న, ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఒక ప్రకటన చేసెను. ఈ ఫోనుకు యాపులు కూర్పదలచినవారు వెబ్ పనిముట్లతోనే కూర్చుకొనవచ్చునని దాని సారాంశము. నిర్మాతలకు అది తృప్తి కలిగింపలేదు. ఫోనులోని కెమెరాను గాని, చిరునామాల పట్టికను గాని తాకుటకు నాటి వెబ్‌పుటకు అధికారము లేదు. 2008 మార్చిలో ఆపిల్ తన సొంత పనిముట్ల పెట్టెను నిర్మాతలకిచ్చి, జూలై 10న 500 యాపులతో అంగడి తెరచెను. అమ్మిన సొమ్ములో నూటికి ముప్పది వంతులు అంగడివారివి. అదే యేడు అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోనును, దాని అంగడియు వచ్చినవి. అచట ఆబ్జెక్టివ్-సి భాష, ఇచట జావా భాష. ఒకే పనికి రెండు భాషలు, రెండు జట్లు, రెండు ఖర్చులు! పెద్ద సంస్థ భరించును. చిన్నవాడెట్లు భరించును?

ఈ ఇరకాటమునుండి పుట్టినదే ‘ఫోన్‌గ్యాప్’. 2008లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐఫోను నిర్మాతలు కూడిన శిబిరమున దానికి బీజము పడినది. కెనడాలోని వాంకూవరు నగరమందలి నిటోబి అను చిన్న సంస్థవారు దానిని పెంచిరి. దాని కీలకము సులభమైనది. పైకి అది యాపు. లోపల నున్నది చట్రము లేని బ్రౌజరు కిటికీ. పుట వెబ్ భాషలలోనే యుండును. ఫోటో తీయుమని పుట కోరినప్పుడు, ఆ కోరికను ఫోను భాషలోనికి మార్చి, జవాబు తెచ్చి యిచ్చు దుబాసి ఒకటి నడుమ నుండును. దుబాసి పని శాశ్వతము కాదని నిర్మాతలే యెరుగుదురు. బ్రౌజర్లు ఈ శక్తులను తామే సంపాదించుకొన్ననాడు ఫోన్‌గ్యాప్ అవసరము తీరిపోవుటయే తమ అంతిమ లక్ష్యమని వారు బాహాటముగా చెప్పిరి. తన పనిముట్టు అక్కరలేని దినము రావలెనని కోరుకొన్న పనివాండ్రు అరుదు గదా!

2011లో అడోబీ సంస్థ నిటోబిని కొనినది. ఆ సందర్భమున ఫోన్‌గ్యాప్ మూలము అపాచీ ఫౌండేషనునకు అప్పగింపబడి, నిటోబి కార్యాలయమున్న వీధి పేర ‘కార్డోవా’ అయినది. 2020లో అడోబీ ఫోన్‌గ్యాప్‌ను విరమించినను, అందరి సొత్తుగా మారిన కార్డోవా నిలిచినది.

ఇంతలో వెబ్‌పుటల పక్షమునను ఒక మార్పు వచ్చినది. 2010 మే 25న ఈథన్ మార్కాట్ అను రూపశిల్పి ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. ఫోనుకొక పుట, కంప్యూటరుకొక పుట ఏల? కొలతలు చుక్కలలో గాక పాళ్లలో చెప్పవలెను. బొమ్మలు తమకిచ్చిన చోటును మించక కుదించుకొనవలెను. తెర వెడల్పును బట్టి పుట అమరిక మారవలెను. ఈ మూడును అంతకుముందు తెలిసినవే. మూడింటిని ముడివేసి చూపుట ఆయన పని. పాత్రను బట్టి నీరు రూపము దాల్చినట్లు, ఒకే పుట ఏ తెరకు తగినట్లు ఆ తెరమీద ఒదుగ నేర్చినది. 2011లో ట్విట్టరు ఉద్యోగులు మార్క్ ఆటో, జేకబ్ థార్న్‌టన్ వెలువరించిన ‘బూట్‌స్ట్రాప్’ మరుసటి యేడు ఈ లక్షణమును సంతరించుకొని, ఆ విద్యను సామాన్య నిర్మాతకు సైతము అందించినది.

ఐనను వేగము విషయమున వెబ్ వెనుకబడియే యుండెను. 2012 సెప్టెంబరులో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, హెచ్‌టిఎంఎల్5 మీద మితిమీరి ఆధారపడుట తమ సంస్థ చేసిన పెద్ద పొరపాటని ఒప్పుకొనెను. ఆ సంస్థయే 2015లో ‘రియాక్ట్ నేటివ్’ అను సాధనమును లోకమున కిచ్చినది. అందు ఆజ్ఞలు వెబ్ నిర్మాతలెరిగిన జావాస్క్రిప్టు భాషలో నుండును. తెరమీది మీటలు మాత్రము ఫోనుకు సొంతమైనవే. 2018 డిసెంబరులో గూగుల్ సంస్థ ‘ఫ్లట్టర్’ తొలి పూర్ణరూపమును వెలువరించినది. అది ఫోను మీటలను అరువడుగక, ప్రతి గీతను తానే గీయును. ఒక్కసారి వ్రాసి రెండు ఇండ్లు కట్టుట రెండింటి ఆశయమును.

ఈ వాదము మన దేశపు అంగడివీధిలోనికిని వచ్చినది. 2015 మే నెలలో బెంగళూరునందలి మింత్రా సంస్థ తన వెబ్‌సైటును మూసి, యాపు ద్వారానే కొనుడని ప్రకటించెను. మాతృసంస్థ ఫ్లిప్‌కార్ట్ కూడ ఫోనులోని వెబ్‌పుటకు తలుపు వేసెను. ఫోనులో చోటు చాలనివారు, డేటా పొదుపుగా వాడుకొనువారు ఏమి కావలెను? ఆ యేడే అలెక్స్ రసెల్, ఫ్రాన్సిస్ బెరిమన్ అను వారిరువురు ‘ప్రోగ్రెసివ్ వెబ్ యాప్’ అని ఒక పద్ధతికి పేరిడిరి. పుటకు కావలసిన సామగ్రిని బ్రౌజరు దాచియుంచి, సిగ్నలు సన్నగిల్లినను చూపును. పుట గుర్తును యాపువలె తెరమీద నిలుపుకొనవచ్చును. నవంబరులో ఫ్లిప్‌కార్ట్ ఈ పద్ధతిని అనుసరించి ‘ఫ్లిప్‌కార్ట్ లైట్’ పేర వెబ్ తలుపు మరల తెరచినది. 2016 జూన్‌లో మింత్రా వెబ్‌సైటును తిరిగి వచ్చినది.

ఇందు మన భాషకు గల సంబంధమును చెప్పక ముగింపరాదు. యూనికోడ్ తొలి కూర్పునందే, 1991లో, తెలుగు లిపికి స్థానము దొరకినది. ఐనను చాలకాలము మన వెబ్‌సైట్లు తమ తమ సొంత ఖతులతో నడచినవి. ఆ ఖతి లేనిచోట తెలుగునకు మారు పిచ్చిగీతలు కనబడెడివి. యూనికోడులో వ్రాసిన పుట మాత్రము ఫోను కాలమునకు సులభముగా నడచి వచ్చినది.

ఉమ్మడి సాధనములోనైనను మన పాలు మనము కనిపెట్టుకొనియుండవలెను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరమును, నడుమ కంటికి కనబడని గుర్తు నొకదానిని చేర్చి ఐఫోనుకు పంపినచో, దానిని చూపబోయిన యాపులు కుప్పకూలినవి. తప్పు ఆ యాపులది కాదు. అక్షరములు చిత్రించు పనిని అవి ఫోనులోని ఒకే సాధనమున కప్పగించినవి. ఆ సాధనము మన ఒత్తుల కూర్పు దగ్గర తడబడినది. ఫిబ్రవరి 19న ఆపిల్ దిద్దుబాటు పంపినది. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే ఇంత కలవరము రేపుట చూచి లోకము నవ్వుకొన్నది. మనకు మాత్రము అందొక హెచ్చరిక గలదు. పనిముట్లు మలచుచోట మన అక్షర మెరిగినవారు లేకపోయినచో, దాని కష్టము మొదట మనకే కలుగును.

పనిముట్ల పేర్లు ఇక ముందును మారుచునే యుండును. నేడు నేర్చినది పదేండ్లకు మూలబడవచ్చును. కాని హెచ్‌టిఎంఎల్, యూనికోడ్ వంటి ఉమ్మడి ఒప్పందములు ఇన్ని మార్పులలోను నిలిచినవి. ఈ విద్య నభ్యసించు మన యింటి పిల్లలు కొత్త పనిముట్టును తప్పక చేపట్టవలసినదే. దానితోపాటు ఉమ్మడి పునాదిని గూడ నేర్చినచో, వారు కట్టినది నాలుగు కాలములపాటు నిలుచును. ఖరీదైన ఫోను లేనివారికిని, తెలుగు తప్ప మరియొకటి చదువనేరనివారికిని అందులో చోటుండును.